గుమ్మం పట్టని బల్ల

మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. కుట్టుమిషను ముందు కూర్చున్నా, కూరలు తరుగుతున్నా, ఆఖరికి పిల్లను బడిలో దిగబెట్టడానికి వెళ్ళినా ఆ పసుపుపచ్చ టేపు మెడ చుట్టూ వేలాడుతూనే ఉండేది. దాంతో ఆమె అందరికీ టేపమ్మ అయిపోయింది. మొదట్లో కాస్త చిన్నబుచ్చుకుంది గానీ, కట్టుకున్నవాడు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాక ఇక చేసేదేముందని ఊరుకుంది.

ఆ నెల ఆ టేపుకు ఊపిరి సలపనంత పని పడింది. మొగుడి మేనత్త తన పాత ఇల్లు అమ్మేస్తూ, పరాయివాళ్ళకి ఇవ్వడానికి మనసొప్పక వీళ్ళకే తక్కువలో ఇచ్చింది. ముందు పెద్ద హాలు, వెనక రెండు గదులు, ఒక వంటిల్లు. ఆరేళ్ళుగా తాళం వేసి ఉన్న ఇల్లు. పైకప్పు ఒక మూల కారుతోంది. వంటింటి కుళాయి తిప్పితే కాసేపు దగ్గి దగ్గి ఎర్రనీళ్ళు కక్కింది. ఏ స్విచ్చు నొక్కితే ఏ దీపం వెలుగుతుందో, అసలు వెలుగుతుందో లేదో ఎవరికీ తెలియదు. నెలాఖరుకు అద్దిల్లు ఖాళీ చేసి ఇందులోకి వచ్చేయాలి.

టేపమ్మ కళ్ళకు మాత్రం ఆ హాలు ఒక్కటే ఆనింది. రెండు పెద్ద కిటికీలు, పొద్దున్నించి సాయంత్రం దాకా వెలుతురు. అద్దింట్లో ఆమె పదకొండేళ్ళు నేలమీద గుడ్డ పరిచి, మోకాళ్ళమీద పాకుతూ కత్తిరించింది. ఈ హాల్లో ఒక పెద్ద బల్ల వేసుకుని, నిటారుగా నిలబడి కత్తెర పట్టుకోవాలని తాళాలు చేతికొచ్చిన రోజునే నిశ్చయించుకుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనడానికి వీలు లేదు కూడా. చేతిలో ఉన్నదంతా కప్పుకీ, కరెంటుకీ, స్నానాలగదికీ పోగా మిగిలింది ఒక మంచానికి మాత్రమే వస్తుంది. ఆ మంచం కూడా అత్తగారి నడుము నొప్పి చూసి అనుకున్నది.

పనులు ఏదో ఒకలా సాగుతున్నాయి. ఎప్పుడు అడిగినా "రేపు అయిపోతుందమ్మా" అనే మేస్త్రికి ఇంట్లో అందరూ రేపు మేస్త్రి అని పేరు పెట్టుకున్నారు. పనిమంతుడే, కాకపోతే అతని రేపు ఎప్పుడొస్తుందో అతనికే తెలియదు. టేపమ్మ మొగుడు బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చి, యూనిఫాం చొక్కా విప్పి మేకుకు తగిలించి గోడలు గీకేవాడు. పిల్ల తన గదికి రోజుకో రంగు మార్చేది. అత్తగారు మాత్రం ఒక మూల స్టూలు వేసుకుని కూర్చుని, దేనికీ ఔననీ కాదనీ అనకుండా చూస్తూ ఉండేది.

ఆవిడ ముప్పై ఏళ్ళు ఒక కుర్చీల కార్ఖానాలో పాలిష్ పని చేసింది. కార్ఖానాలోకి నిజం చెక్క రావడం మానేసి, రంపంపొట్టు అతికించి చేసిన అట్టబల్లలు రావడం మొదలయ్యాక పాలిష్‌వాళ్ళతో పని లేకపోయింది. ఆ రోజు చేతులు కడుక్కుని ఇంటికొచ్చిన మనిషి మళ్ళీ ఆ పని ఊసెత్తలేదు.

ఒకరోజు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన బడి వాచ్‌మన్ మాటల్లో మాటగా చెప్పాడు. "మా పాత బడి కూలగొడుతున్నారమ్మా. రేపు పది గంటలకి సామాను వేలం. బెంచీలు, బీరువాలు, సైన్సు గదిలో బల్లలు..."

"బల్లలా? ఎంతెంత ఉంటాయి?" టేపమ్మ సూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఒక్కోదాని చుట్టూ పదిమంది పిల్లలు నిలబడేవాళ్ళు."

ఆ తర్వాత ఆ ప్యాంటు ఎడమకాలు కుడికాలి కన్నా అరంగుళం పొట్టి అయిందంటే తప్పు వాచ్‌మన్‌దే.

మర్నాడు తొమ్మిదిన్నరకే ఆమె బడి ఆవరణలో ఉంది. మొగుడు డ్యూటీలో ఉన్నాడు. దారం కొనడానికి వెళ్తున్నానని అత్తగారితో చెప్పింది. సైన్సు గదిలో రెండే బల్లలున్నాయి. రెండింటికీ దట్టంగా ఆకుపచ్చ రంగు, దాని మీద సిరా మరకలు, ఏవో మందులు ఒలికి కాలిన మచ్చలు, తరతరాల పిల్లలు చెక్కుకున్న పొడి అక్షరాలు. ఐదడుగుల టేపు పెట్టి కొలిస్తే బల్ల ఇంకా మూడడుగులు మిగిలింది. ఎనిమిదడుగులు. పెద్దపన్నా గుడ్డయినా మడత లేకుండా పరవచ్చు.

వేలంలో ఆమెకు పోటీ వచ్చినవాడు ఒక్కడే, పాత సామాను వ్యాపారి. అతనికి అవి పొయ్యిలోకి పనికొచ్చే కట్టెలు. ఆమె ఒక మాట అంటే అతను ఇంకో మాట, మళ్ళీ ఆమె. పర్సులో ఉన్నది మంచం డబ్బు. ఇక ఒక్క మెట్టు ఎక్కితే అదీ దాటిపోతుందనగా, అతను ఆమె ముఖంలోకి చూసి, ఏమనుకున్నాడో చెయ్యి దించేశాడు.

"పట్టుకుపో తల్లీ. రెండోది నాకొదిలెయ్యి, చాలు."

ట్రాలీ మాట్లాడుకుని, బల్ల పక్కనే నిలబడి, ఎదురుగాలి ముఖాన కొడుతుంటే దారి పొడుగునా తనలో తను నవ్వుకుంటూ వచ్చింది. ఎన్నేళ్ళయిందో అలా నవ్వి.

ఇంటిముందు ట్రాలీ ఆగేసరికి మొగుడు కూడా డ్యూటీ దిగి వచ్చేశాడు. బల్లను చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"దారం కొనడానికి వెళ్ళావని అమ్మ చెప్పిందే."

"దారం దొరకలేదండీ."

"మరి మంచం?"

"మంచం... ఇది మంచం కన్నా పెద్దదండీ."

అత్తగారు గుమ్మంలోకి వచ్చి ముక్కున వేలేసుకుంది. "ఎవరెవరో వాడి పారేసిన బల్ల మనకెందుకే అమ్మాయ్? ఆ రంగు చూడు, పాచి పట్టినట్టుంది."

మొగుడూ, టేపమ్మా, లోపల పనిలో ఉన్న మేస్త్రీ, ట్రాలీ డ్రైవరూ నలుగురూ పట్టి బల్లను గుమ్మం దాకా తెచ్చారు. అక్కడ ఆగిపోయింది. నిలువుగా పెట్టి చూశారు, పక్కకు వాల్చి చూశారు, కాళ్ళు ముందు దూర్చి చూశారు. కాళ్ళను కలుపుతూ కింద చుట్టూ అడ్డకర్రలు ఉండటంతో ఎటు తిప్పినా ఏదో ఒకటి గుమ్మానికి తగులుతోంది. కిటికీలకైతే ఇనుప ఊచలు. అప్పుడు మొగుడు నెమ్మదిగా ఆమె మెడకేసి చూశాడు.

"గుమ్మం కొలిచావా?"

ఇంట్లో ప్రతి గోడా, ప్రతి గూడూ, ఆఖరికి నీళ్ళ బకెట్టు చుట్టుకొలత కూడా రాసుకున్న టేపమ్మ గుమ్మం కొలవలేదు. తల అడ్డంగా ఊపింది. ఎవరూ నవ్వకూడదని అనుకున్నారు గానీ ట్రాలీ డ్రైవరు ఆపుకోలేకపోయాడు.

ఇంతలో ఆకాశం మూసుకొచ్చింది. దూరంగా ఉరిమింది. ట్రాలీ డ్రైవరు వానలో తను ఉండలేనని బల్లను గుమ్మం ముందు మెట్ల కింద దింపించి వెళ్ళిపోయాడు. రేపు మేస్త్రి తల గోక్కుని, "రేపు గుమ్మం పగలగొట్టి మళ్ళీ కట్టేద్దామమ్మా" అన్నాడు.

"రేపటికి ఇది నాని ఉబ్బిపోతుంది. కాళ్ళు కోసేద్దాం. లోపలికెళ్ళాక ఇనుపపట్టీలు వేసి బిగించుకోవచ్చు" అని మొగుడు లోపలికి వెళ్ళి రంపం తెచ్చాడు.

టేపమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వద్దనే హక్కు తనకు లేదనిపించింది. మంచం డబ్బు తగలేసింది తనే, కొలవనిదీ తనే. రంపం పళ్ళు బల్ల కాలికి ఆనాయి.

"ఆగరా."

అత్తగారు మెట్లు దిగి వస్తోంది. నడుము మీద ఒక చెయ్యి, రెండో చేతిలో ఇంటి తాళంచెవి. వంగి, బల్ల అంచు కింద తాళంచెవితో గట్టిగా ఒక గీటు గీసింది. ఆకుపచ్చ రంగు పెచ్చులుగా రాలింది. ఇంకోసారి గీసింది. కింద తేనెరంగు చెక్క కనిపించింది. ఆవిడ అక్కడ ముక్కు పెట్టి వాసన చూసింది.

"ఒరే, ఇది టేకు" అంది. "పాతికేళ్ళయింది నేనిలాంటిది ముట్టుకుని. దీని మీద రంపం పెడితే నీ చెయ్యి విరుస్తాను."

"మరి లోపలికెలా వెళ్తుందమ్మా?"

ఆవిడ కళ్ళు మూసుకుని, కాలూ అడ్డకర్రా కలిసే చోట వేళ్ళతో తడమసాగింది. గుడ్డివాళ్ళు ముఖం తడిమి మనిషిని పోల్చుకున్నట్టు. ఒకచోట వేలు ఆగింది. తాళంచెవితో గీకితే రంగు కింద చిటికెనవేలంత గుండ్రటి మచ్చ బయటపడింది.

"చీల" అంది. "ఆ రోజుల్లో ఇనుపమేకులు కొట్టేవాళ్ళు కాదు, కర్ర చీలలే. ఇటు లావు, అటు సన్నం. సన్నం వైపు నుంచి కొడితే అదే బయటికొస్తుంది. సుత్తి తే. నువ్వు కాదురా, నీది మొరటు చెయ్యి. అమ్మాయ్, నువ్వు రా."

మొదటి చినుకులు పడ్డాయి. మొగుడూ మేస్త్రీ సిమెంటు బస్తాల మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా లాక్కొచ్చి బల్ల మీద నాలుగు చేతులతో ఎత్తిపట్టుకున్నారు. దాని కింద అత్తాకోడళ్ళు మోకాళ్ళ మీద కూర్చున్నారు. అత్తగారు చీల ఎక్కడుందో వెతికి చూపిస్తుంటే, టేపమ్మ దాని మీద చిన్న ఇనుపకడ్డీ ఆనించి సుత్తితో కొడుతోంది.

"నెమ్మది. గుండీ కుట్టినట్టు కొట్టు."

మూడో దెబ్బకు మొదటి చీల పుటుక్కున బయటికి దూకింది. టేపమ్మ కేరింతలు కొట్టింది. రెండోదీ, మూడోదీ తేలిగ్గానే వచ్చాయి. మొత్తం ఎనిమిది. ఆరోది మొండికేసింది. వాన జోరందుకుంది, పట్టా మీద నీళ్ళు బుంగలు కడుతున్నాయి. మేస్త్రి, "రేపు..." అని ఏదో అనబోతే అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకేసారి తల తిప్పి చూశారు. అతను పట్టాను ఇంకాస్త పైకెత్తాడు. అత్తగారు తలకు రాసుకున్న నూనె చేత్తో తుడిచి చీల చుట్టూ అద్దింది. నాలుగు దెబ్బలు, ఐదు దెబ్బలు. ఆరో దెబ్బకు కదిలింది.

చీలలన్నీ ఊడాక అడ్డకర్రలు వాటంతటవే జారి వచ్చేశాయి. కాళ్ళు విడివడ్డాయి. పైపలకను నిలబెట్టి నలుగురూ గుమ్మంలోంచి హాల్లోకి నడిపించుకెళ్ళారు, ఎక్కడా గీత పడకుండా. అందరూ తడిసి ముద్దయ్యారు. టేపమ్మ చీలలన్నీ కొంగులో మూటగట్టుకుని, ఏది ఏ కాలిదో సుద్దముక్కతో గుర్తులు పెట్టింది.

బడి నుంచి తడుస్తూ వచ్చిన పిల్ల హాల్లో అడుగుపెట్టి, "నానమ్మ సుత్తి పట్టుకుందేంటి?" అంది.

తెల్లవారేసరికి అత్తగారు వేరే మనిషి. స్టూలు మూలన పడింది. నడుముకు చీర బిగించి, గాజుపెంకు అంచుతో రంగు గీకుతూ, కోడలికి చేతివాటం నేర్పుతూ, మధ్యమధ్యలో మేస్త్రిని గోడలకు ఏ రంగు వెయ్యాలో గద్దిస్తూ కూర్చుంది. చెక్క పోగులు సాగిన దారిలోనే గీకాలట, అడ్డంగా గీకితే చెక్క పగ పడుతుందట. మధ్యాహ్నం భోజనం చేస్తూ హఠాత్తుగా ముద్ద ఆపింది.

"రెండోది ఉందన్నావు కదే?"

"పాత సామాను వ్యాపారి పట్టుకుపోయాడు అత్తయ్యా. కట్టెలకి."

ఆవిడ తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయింది. అరగంటలో ఇద్దరూ వ్యాపారి దుకాణంలో ఉన్నారు. బల్ల ఇంకా అలాగే ఉంది. కాకపోతే ఒక పనివాడు గొడ్డలికి పదును పెట్టుకుంటున్నాడు. పర్సు ఖాళీ. ఏం పెట్టి కొంటామని టేపమ్మ అత్తగారి చెయ్యి పట్టుకుని లాగింది. ఆవిడ చెయ్యి విడిపించుకుని దుకాణమంతా కలియతిరిగింది. ఒక గోడకు ఆనించి పాత తలుపులు నాలుగున్నాయి, రంగు వెలిసి, బూజు పట్టి.

"వీటినెవరూ కొనట్లేదు కదూ" అంది వ్యాపారితో.

"ఏడాదిగా పడున్నాయి పెద్దమ్మా."

"నాలుగూ గీకి, పాలిష్ చేసి, నీ ముఖం కనిపించేలా చేసిస్తాను. ఆ బల్ల నాకియ్యి."

అతను నవ్వాడు. "నువ్వా?"

ఆవిడ అరచేతులు చాచి చూపించింది. వేళ్ళ గీతల్లో, గోళ్ళ అంచుల్లో ఏ సబ్బుకూ వదలని పాత పాలిష్ గోధుమరంగు. అతను ఆ చేతుల్ని చూశాడు, నవ్వు మానేశాడు, గొడ్డలివాడిని పిలిచి వేరే పని చూసుకోమన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు వ్యాపారి పంపిన ట్రాలీలో ఇద్దరూ బల్ల మీదే కూర్చున్నారు. "దీంతో మంచం చేయిద్దాం. మిగిలిన చెక్క వంటింట్లో అరలకొస్తుంది" అని అత్తగారంటే, "పిల్లకి పుస్తకాల గూడు కూడా" అని టేపమ్మ అంది. "తొందరపడకు, ముందు కొలువు" అంది ఆవిడ. ఇద్దరూ పడీపడీ నవ్వుతుంటే రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు.

నెలాఖరుకు ఇల్లు మారిపోయారు. కప్పు కారడం ఆగింది. కుళాయి దగ్గు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. వడ్రంగి చేసిన మంచం పక్కకు ఒత్తిగిలితే కిర్రుమంటుంది, అత్తగారికి అదేం పట్టలేదు. నాలుగు తలుపులూ వారంలో అమ్ముడుపోయాక పాత సామాను వ్యాపారి ఇంకో ఆరు తెచ్చి గుమ్మం ముందు దింపాడు, ఈసారి కూలి ఇస్తానని. ఆవిడ ఇప్పుడు పెరట్లో పాలిష్ డబ్బాలతో తీరిక లేకుండా ఉంది. టేపమ్మ హాల్లో బల్ల ముందు నిలబడి గుడ్డ కత్తిరిస్తోంది.

అంత హడావిడిలోనూ ఒక్క పని మాత్రం మిగిలిపోయింది. ఊరందరి ఇళ్ళకీ కర్టెన్లు కుట్టిచ్చే టేపమ్మ సొంత ఇంటి కిటికీలకు మూడు నెలల దాకా కర్టెన్లు లేవు. మొగుడు గుర్తుచేసినప్పుడల్లా కత్తెర ఆపకుండానే, మేస్త్రి గొంతుతో, "రేపు అయిపోతుందండీ" అనేది.