దిండ్ల మీద వకుళ

ఉదయం నుంచి మా పడకగదిలో చీలమండల దాకా నీళ్లున్నాయి. అవి నా భార్య వకుళ పాదాల్లోంచి వస్తున్నాయి. వేలితో నొక్కితే పాదంలో గుంట పడుతుంది. గుంట నిండి, నీరు నేల మీదికి పొర్లుతుంది. నేను బడికి సెలవు పెట్టి చెంబుతో తోడుతున్నాను.

డాక్టరుగారు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని వస్తారు. వకుళ ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు వింటారు.

“గుండె ఆగలేదు మాస్టారూ, అలిసిపోయింది. వచ్చిన రక్తాన్ని వచ్చినట్టు ముందుకు తోయలేకపోతోంది. అందుకే కాళ్లలో, ఊపిరితిత్తుల్లో నీరు నిలిచిపోతోంది. ఉప్పు మానేశారా?”

“పూర్తిగా మానేశామండీ. కూరలో లేదు, చారులో లేదు.”

అప్పుడే వంటింట్లోంచి ఆవకాయ జాడీ తేలుతూ వస్తుంది.

“మరి ఇదేంటమ్మా?”

“అది ఆవకాయండీ, ఉప్పు కాదు,” అంటుంది వకుళ. “ముక్క నంజుకోకపోతే ఈ చప్పిడి కూడు గొంతు దిగుతుందా?”

ఆయన జాడీకి కట్టిన గుడ్డ విప్పుతారు. లోపల సముద్రం ఉంది. ఒక అల అంచుదాకా వచ్చి వెనక్కి వెళుతుంది. ఆయన గుడ్డ మళ్లీ కట్టి, జాడీని చంకన పెట్టుకుని వెళ్లిపోతారు. నీరు మాత్రం తగ్గదు.

వెల్లకిలా పడుకుంటే వకుళకి ఊపిరాడదు. తల కింద దిండు పెడతాను. చాలదు. ఇంకొకటి పెడతాను. ఇంట్లోవి అయిపోతే పక్కింటివాళ్లు గోడ మీదుగా అందిస్తారు. దిండ్లు పెరిగేకొద్దీ పైకప్పు పక్కకి జరిగి దారి ఇస్తుంది.

“ఏవండీ, ఇక్కడ గాలి బాగుంది,” అంటుంది పైనుంచి. “మీ బట్టతల కూడా బాగా కనిపిస్తోంది.”

“మాట్లాడకు. ఆయాసం వస్తుంది.”

మా ఏడో తరగతి పిల్లలు పుస్తకాల సంచులకు బదులు దిండ్లు మోసుకొచ్చి నీళ్లలో వరసగా నిలబడతారు. నేను హాజరు పిలుస్తాను. పలికినవాళ్ల దిండు తీసుకుని పేరుస్తాను. మధ్యలో వకుళ పేరు కూడా పిలుస్తాను.

“ప్రెజెంట్ సార్!”

పిల్లలు నవ్వుతారు. నీరు నా ఛాతీ దాకా వస్తుంది. వకుళ పేరు మళ్లీ పిలుస్తాను.

పలకదు.

ఒక దిండు పైనుంచి మెల్లగా దిగి నా ముందు నీటి మీద వాలుతుంది. దాని మీద తల ఆనిన గుంట ఉంది. ఆ గుంట లేస్తోంది, పడుతోంది. ఆయాసపడుతోంది.

ఆఖరి పిల్ల చేతిలోని దిండు తీసుకుని దాని కింద పెడతాను.