టీలో కలిపిన మాత్ర

తమ్ముడికి జబ్బు చేసేనాటికి నా చేతిలో నిలదొక్కుకున్న టీపొడి దుకాణం ఉంది, నా మాటంటే వాడికి గుడ్డి నమ్మకం ఉంది. దుకాణం నడిచింది మాత్రం వాడి నాలుక మీద. ఏ బస్తా విప్పినా ఆ పొడితో కాచిన టీ ఒక గుక్క పుక్కిలించి ఉమ్మి, పాత సరుకు కలిసిందో లేదో చెప్పేసేవాడు.

అలాంటివాడికి నేను టీలో మాత్ర కలిపాను. అంత తెలివి నాది.

రేడియో తనతో మాట్లాడుతోందనే ఆ జబ్బుకి డాక్టరు ఇచ్చిన మాత్రలు ముట్టనన్నాడు. వారంపాటు బతిమాలాను, తిట్టాను. చివరికి నూరి, చిక్కటి టీలో కలిపి ఇచ్చాను. మొదటి గుక్కకే కప్పు దించాడు.

"ఇందులో ఏదో ఉంది అన్నయ్యా."

"ఏం లేదురా. అంతా నీ జబ్బు."

"ఒట్టేసి చెప్పు."

"ఒట్టు."

ఇలా ఇరవై రోజులు. టీ మానేశాడు. కూరలో కలిపితే కూర మానేశాడు. ఆఖరికి తిండే మానేశాడు. మానసిక వార్డులో చేర్చాక కూడా నాలుగు రోజులుగా కుళాయి కింద దోసిలి పట్టి నీళ్లే తాగుతున్నాడు. ఈ రోజూ తినకపోతే రేపు ముక్కులోంచి గొట్టం వేస్తామన్నాడు డాక్టరు. మాత్రలూ ఉమ్మేస్తున్నాడని విని, మధ్యాహ్నం ఫ్లాస్కులో అదే టీ పట్టుకెళ్లాను.

ఆ వార్డులో గాజు వస్తువు ఉండదు. భోజనాలయ్యాక చెంచాలు లెక్కపెట్టుకుంటారు. యాభై దాటిన సిస్టర్ ప్లాస్టిక్ కప్పులో నా టీ పోసి వాడికి అందించింది. వాడు వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఉంది," అన్నాడు.

సిస్టర్ కప్పు నా వైపు చాపింది. "మీరొక గుక్క తాగి చూపించండి."

నా చెయ్యి లేవలేదు. "ఇప్పుడే తాగొచ్చానమ్మా."

"టీ వ్యాపారికి ఇంకో గుక్క బరువా?"

కప్పు వంచి చూసింది. అడుగున తెల్లటి మడ్డి. నన్ను వరండాలోకి తీసుకెళ్లింది.

"ఎన్నాళ్లుగా?"

"వాడి మంచికే కదమ్మా..."

"నాలుగు రోజులుగా నేనేం రాస్తున్నానో తెలుసా? తిండిలో మందు కలుపుతున్నారని రోగి భ్రమ పడుతున్నాడని. నా చేత అబద్ధం రాయించారు. రేడియో తనతో మాట్లాడుతోందంటాడు, అది జబ్బు. ఇది కాదు. అనుమానం జబ్బుదే కావచ్చు, సాక్ష్యం మాత్రం మీరు తెచ్చిచ్చారు. ఇక ఆయన దేన్ని నమ్మాలి? తన నాలుకనా, మిమ్మల్నా?"

నాకూ మండింది. "మీకేం, డ్యూటీ దిగి వెళ్లిపోతారు. ఇంట్లో వాడితో వేగేది నేను."

"కాబట్టే మీరే చెప్పాలి. లోపలికి నడవండి."

వెళ్లి చెప్పాను. మొదటి కప్పు నుంచి అంతా.

"అయితే నా నాలుక బాగానే ఉందన్నమాట," అన్నాడు. తర్వాత గొంతు లేచింది. "రోజూ అద్దంలో చూసుకున్నాను, కుళ్లిపోయిందేమోనని. ఒట్టేశావు కదరా నువ్వు."

పుట్టి బుద్ధెరిగాక వాడు నన్ను 'రా' అనడం అదే మొదలు. సిస్టర్ చేతిలోని కప్పు లాక్కుని నా చొక్కా మీదికి విసిరాడు. సిస్టర్ మధ్యలోకి వచ్చింది. "మీకు కోపం రావడం న్యాయమే. ఎంతైనా అరవండి. చెయ్యి మాత్రం ఎత్తొద్దు."

అరిచాడు. వార్డంతా విన్నది. అలిసిపోయాక సిస్టర్ మాత్రల అట్ట వాడి చేతికిచ్చి, అవి దేనికో చెప్పింది. నోరెండుతుందనీ, మత్తుగా ఉంటుందనీ దాచకుండా చెప్పింది. వాడు ఆ రోజు వేసుకోలేదు. విప్పని బ్రెడ్డు పొట్లం అడిగి, తనే విప్పుకుని రెండు ముక్కలు తిన్నాడు. మాత్ర మూడో రోజు అడిగి వేసుకున్నాడు.

తేలిన లెక్క ఇది. గొట్టం తప్పింది. రెండు నెలలకు రేడియో నోరు మూసింది. వాడు ఇంటికొచ్చాడు, మాత్రలు తన చేత్తోనే వేసుకుంటున్నాడు. ఆ రాబడంతా సిస్టర్ కష్టం. నా వాటాకి వచ్చింది ఒకటే: నేను వడ్డించిన కంచం పక్కకు జరిపి, వాడు లేచి వెళ్లి వేరే కంచం కడుక్కుని తెచ్చి, గిన్నెలోంచి తనే వడ్డించుకుంటాడు. తింటున్నాడు కదా అని చూస్తూ కూర్చుంటాను.