వేలు ఒకచోట, నోరు ఒకచోట

రెండో తరగతి పిల్లలంతా పుస్తకం మీద వేలు ఆనించి పాఠం గడగడా చదివేస్తున్నారు. పాఠం చెప్పడం నేర్చుకోవడానికి ఆరు వారాలకని వచ్చిన ట్రైనీ టీచరు ఆఖరి వారంలో బల్లల మధ్య తిరుగుతూ, అందరూ పిట్ట అని పిలిచే పిల్ల దగ్గర ఆగింది. పిట్ట నోరు చివరి వాక్యంలో ఉంది. వేలు ఇంకా రెండో వరుసలోనే ఉంది.

పేజీలోని బొమ్మను అరచేత్తో మూసి, ఒక్క మాట చూపించి, "ఇదేంటమ్మా?" అని మెల్లగా అడిగింది.

"మొదట్నుంచీ చెప్తే వస్తుంది టీచర్," అంది పిట్ట.

అలాంటివాళ్ళు పదకొండుమంది తేలారు. ఆ మాట చెబితే తరగతి టీచరు నవ్వేసింది.

"వేలెవరు చూస్తారమ్మాయ్! రేపు మీ కాలేజీ సారు వచ్చి వినేది నోరే. పట్టికలో అందరికీ 'చదవగలరు' అని రాసెయ్."

"పైతరగతిలో వీళ్ళకి అక్షరాలెవరు చెప్తారండీ?"

"నువ్వు ట్రైనింగుకొచ్చావా, లోకాన్ని ఉద్ధరించడానికొచ్చావా?"

ట్రైనీకి ఒళ్ళు మండిపోయింది. వచ్చని మనమే రాసి పంపాక, రాదని చెప్పుకునే వీలు కూడా ఆ పిల్లలకు ఉండదు. ఏడాది తిరక్కుండా మొద్దులని పేరు పడుతుంది. ఆ పేరు పెట్టేదీ మనమే.

మర్నాడు కాలేజీ లెక్చరరు వచ్చి, పిల్లల చదువు విని తల పంకించారు. ఆమె ఇచ్చిన పట్టిక చూసి కళ్ళజోడు సర్దుకున్నారు. పదకొండు పేర్ల ఎదురుగా 'ఇంకా రాదు' అని ఉంది.

"ఏమ్మా, నీమీద నువ్వే ఫిర్యాదు రాసుకున్నావేం? వాళ్ళకి రాలేదంటే నువ్వు నేర్పలేదనేగా? దిద్దుకుంటావా?"

"అందులో తప్పేం లేదండీ దిద్దడానికి."

ఆమె పట్టిక కోసం చెయ్యి చాపలేదు. ఆయన ఎర్రసిరాతో రాసిచ్చారు: ఉత్తీర్ణురాలు కాదు, ఇదే తరగతిలో మరో ఆరు వారాలు.

"చక్కగా అయిందా? చేతిదాకా వచ్చిన పట్టా పోగొట్టుకున్నావ్," అంది తరగతి టీచరు.

"పోయిందండీ. ఈ పదకొండుమందినీ ఆరు వారాలు నాకొదిలెయ్యండి."

జవాబు కోసం ఆగకుండా వాళ్ళను గోడవారగా కూర్చోబెట్టి, తానూ నేల మీదే చతికిలబడింది.

"పుస్తకం మూసెయ్ పిట్టా. పొద్దున దార్లో ఏం చూశావో చెప్పు."

"కుక్క, టీచర్! ఇంతుంది. తరుముకొచ్చింది."

ఆమె పలక మీద 'కుక్క' అని రాసి చూపించింది. పిట్ట దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అనుమానంగా మొహం పెట్టింది.

"అంత పెద్ద కుక్కకి ఇంతేనా?"