బురద నీళ్ళలో పదిహేడో ఎర

ఆ శనివారం తెల్లవారేసరికే రాయిస్ టిడ్‌మోర్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు. చలి ఒక కారణమే గాని, అసలు కారణం పడవను నీళ్ళలోకి దించుతూ బావ వెండెల్ అన్న మాట.

“వచ్చే మార్చి నుంచి తన పడవలోకి రమ్మంటున్నాడురా మన క్లబ్బు హేగుడ్. సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్తానన్నాను.”

క్లబ్బు పోటీల్లో పడవకు ఇద్దరు. అక్క నాడీన్‌ను వెండెల్ పెళ్ళాడిన ఏడాది మొదలైన జోడీ వీళ్ళది, ఇరవై రెండేళ్ళయింది. ఈ చలికాలం రెండు పోటీల్లోనూ ఖాళీ చేతులతో ఒడ్డుకొచ్చారు. అందుకే బావ మనసు విరిగిందని రాయిస్ లెక్క. ఇవాళ్టి పోటీలో ఒక్క మంచి చేప పడితే హేగుడ్ సంగతి దానంతటదే మరుగున పడుతుంది. పడకపోతే? ఆ ప్రశ్న తట్టగానే రాయిస్ మూడు బొమ్మ ఎరల పెట్టెలూ ఒకేసారి తెరిచాడు.

వారం రోజుల వానకు జలాశయం పాలు తక్కువైన కాఫీలా తయారైంది. చెయ్యి ముంచితే మణికట్టు కనబడదు. జనవరి నీళ్ళలో బాస్ చేప రాళ్ళకు ఆనుకుని బద్ధకంగా పడుంటుంది. ఎర ముక్కు దగ్గరకు వస్తే తప్ప నోరు తెరవదు. అంత బురదలో కళ్ళు పనిచెయ్యవు గనక నీటి అదురును ఒంటితోనే పసిగడుతుంది. ఈ శాస్త్రమంతా రాయిస్‌కు కంఠతా వచ్చు. రానిదల్లా ఒక్కచోట కుదురుగా ఉండడం.

ముందు వెడల్పాటి రేకు గిరగిర తిరిగే ఎర కట్టాడు. ఆరుసార్లు విసిరి విప్పేశాడు. లోపల గుళ్ళు గలగలలాడేది కట్టాడు. ‘మరీ గోల, చేప బెదిరిపోతుంది’ అని తనకు తనే చెప్పుకుని దాన్నీ విప్పేసి, నిమ్మపండు రంగుది తీశాడు. మబ్బు కమ్మితే నల్లది కావాలనిపించింది. మబ్బు విడిపోతే నీలం మీదికి మనసు పోయింది.

పడవ ముందు భాగంలో కూర్చున్న వెండెల్ పొద్దుటి నుంచి ఒకే ఒక్క నల్ల కుచ్చుల ఎరను రాళ్ళ మీద నత్తనడక నడిపిస్తున్నాడు.

“బావా, నారింజ రంగు పొట్టది కడితే ఎలా ఉంటుందంటావ్?”

“ఈ బురదలో చేపకు దాని తోకే కనబడదు. నీ ఎర పొట్ట రంగు చూస్తుందట్రా?”

“మరి నీకెందుకు పడలేదు?”

“పడితే పడుతుంది. కూర్చో, పడవ ఊగుతోంది.”

“కూర్చునే ఉన్నాగా!”

“కాలు కాలిన పిల్లి కూడా అలాగే అంటుంది.”

పదకొండున్నరకల్లా పన్నెండు ఎరలు మారాయి. వెండెల్ నాడీన్ కట్టిచ్చిన సాసేజి మాంసం పెట్టిన రొట్టెల పొట్లం విప్పాడు.

“కాసేపు ఆ గాలం పక్కన పెట్టి తినరా. ఆ కొంగను చూడు, గంట నుంచీ కదల్లేదు.”

రాయిస్ తల ఎత్తలేదు. దారాన్ని పళ్ళతో కొరుకుతూ “ఊఁ” అన్నాడు. వెండెల్ ఒక్కడే తిని, పొట్లం మడిచి, మళ్ళీ నీళ్ళవైపు తిరిగాడు. ఆ తర్వాత నోరు విప్పలేదు. ఆ మౌనం కూడా చేపలు పడనందుకే అనుకున్నాడు మన రాయిస్. ఎవడి గోల వాడిది.

మూడింటికి ఒడ్డున చేపల తూకం. రెండు దాటాక వంతెన పక్క రాళ్ళగట్టు మీద ఎండ పడింది. కొయ్యబారిన వేళ్ళతో రాయిస్ పదిహేడో ఎర కట్టాడు. అది రాళ్ళను గుద్దుకుంటూ పోయే ఎర్రటి చెక్క ఎర. మూడో విసురుకు ఎక్కడో తగిలి ఆగిపోయింది. రాళ్ళలో ఇరుక్కుందని తిట్టుకుంటూ లాగితే, అవతలి నుంచి ఏదో ఎదురు లాగింది.

“బావా, వల! వల!”

వెండెల్ ఒక్క ఉదుటున వచ్చి వల కింద పెట్టి ఎత్తాడు. ఆరు పౌన్ల పైమాటే.

“చూశావా? పదహారు మారిస్తే మార్చాను, పదిహేడోదానికి పడిందా లేదా?”

“పడిందిరా బాబూ. నీ మొండితనానికో దండం.”

వెండెల్ నవ్వాడు, నిజంగా సంతోషపడే నవ్వాడు. రాయిస్ ప్రాణం లేచి వచ్చింది.

ఒడ్డున ఆ రోజుకంతటికీ పెద్ద చేప అదే అయింది. అందరూ రాయిస్ వీపు తట్టారు. హేగుడ్ కూడా తట్టి, వెండెల్ వైపు తిరిగాడు.

“ఇంక నువ్వు రావులే, అంతేనా?”

వెండెల్ టోపీ తీసి తల గోక్కుని మళ్ళీ పెట్టుకున్నాడు. “వస్తాను. మార్చి నుంచి.”

హేగుడ్ మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు. చేప ఉన్న నీళ్ళ సంచి పట్టుకుని రాయిస్ అక్కడే నిలబడిపోయాడు.

“బావా, పడింది కదా!”

“చేప మాట ఎవడెత్తాడురా? వారమంతా మిల్లులో యంత్రాల రొద. ఇక్కడికొచ్చేది కాసేపు ఊరికే ఉండడానికి. నీ పక్కన కూర్చుంటే నాకూ కాళ్ళు నిలవట్లేదు. అరవై దాటాయి, ఇంక నా వల్ల కాదు.”

“ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా?”

“చెప్పాను. ఎప్పుడు చెప్పినా నువ్వు ఎరకు ముడేసుకుంటూనే ఉన్నావు.”

అందులో కోపం లేదు. ఉంటే ఎదురు కోప్పడి బతికిపోయేవాడు రాయిస్. సంచి ఎత్తుకుని గట్టు దిగాడు.

తూకమయ్యాక చేపను పట్టినవాడే నీళ్ళలో వదలాలి. అదీ వీళ్ళ కట్టుబాటు. అలిసిన చేపను విసిరేస్తే వెల్లకిలా తేలిపోతుంది. ఒక చెయ్యి పొట్ట కింద, ఒక చెయ్యి తోక దగ్గర ఉంచి, దాని మొప్పలు ఆడేదాకా నిటారుగా పట్టుకోవాలి. రాయిస్ మోకాళ్ళ మీద నీళ్ళలో కూర్చుని అలాగే పట్టుకున్నాడు. చేతులకు స్పర్శ పోయింది. తక్కినవాళ్ళ ట్రక్కులు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. వెనక నుంచి వెండెల్ వచ్చి నిలబడ్డాడు.

చేప తోక ఒకసారి కొట్టింది. మళ్ళీ గట్టిగా కొట్టింది.

“వదలరా, దానికి ఊపిరొచ్చింది,” అన్నాడు వెండెల్.

“ఇంకాసేపు బావా,” అన్నాడు రాయిస్, కదలకుండా.