గ్రేసీ మైకు లాంటి మైకు

మా ఆయన చేతికి స్క్రూడ్రైవర్ దొరికితే ఇంట్లో ఏ వస్తువుకూ నిమ్మళం ఉండదు. మిక్సీ, ఇస్త్రీపెట్టె, గోడ గడియారం, అన్నీ ఆయన ముందు ఒకసారి పొట్ట విప్పించుకున్నవే. కొన్ని బాగుపడ్డాయి, చాలావరకు పాత సామాన్లవాడి బండెక్కాయి. పేరు ఢిల్లీబాబు. ఢిల్లీ మాట దేవుడెరుగు, మద్రాసు దాటి పోయింది లేదు. నగరిలో మా ఇంటి ముందు భాగమంతా పవర్‌లూమ్ మగ్గాలే. ఆయన, నేను, మా అత్త చౌడమ్మ పొద్దున లేచింది మొదలు వాటి మధ్యే తిరుగుతుంటాం. వెనక ఉన్న ఒక్క గదిలో కాపురం.

కాపురానికొచ్చిన కొత్తలో ఆ మోతకు నాకు అన్నం సయించేది కాదు. దడదడమని గోడలతో సహా అదిరేది. తర్వాత అలవాటైంది. మగ్గాలిండ్లలో మనుషులు నోటితో సగం, చేతులతో సగం మాట్లాడుకుంటారు. పక్కింటి ఏకాంబరం మామ తన కూతురి పెళ్ళి కుదిరిన సంగతి వీధికి అవతల నిలబడి చేతులతోనే మొత్తం చెప్పాడు. మాకది వింతేమీ కాదు.

ఇంత మోతలోనూ నేను పాడేదాన్ని. బాగా పాడతాను. ఈ మాట నా నోటితో నేనే చెప్పుకోవాల్సి వస్తున్నందుకే నాకు మంట. గంగ జాతరలో పాడాను, మురుగన్ పండగ ఆడికృత్తికకు కావడి ఎత్తినవాళ్ళ వెంట పాడుకుంటూ తిరుత్తణి దాకా నడిచాను. విన్నవాళ్ళు తలకాయలూపి, ప్రసాదం పెట్టి పంపేవాళ్ళు. అంతకుమించి ఎవరూ పిలిచి ఒక కుర్చీ వెయ్యలేదు.

చివరికి పుత్తూరు దేవరాజులన్న పిలిచాడు. ఆయనకు భక్తి పాటల ఆర్కెస్ట్రా ఉంది. అందులో పాడే గ్రేసీకి నెలలు నిండుతున్నాయి. గ్రేసీ ఆదివారం చర్చిలో పాడుతుంది, మిగతా రోజులు మురుగన్ పాటలు పాడుతుంది, రెండూ మనసు పెట్టే పాడుతుంది. నా పేరు చెప్పింది ఆమే. తిరుపతిలో కావడి సంఘం వాళ్ళు ఆడికృత్తికకు కళ్యాణమండపంలో పెట్టే కచేరీకి రమ్మన్నాడు దేవరాజులన్న. అక్కడ నిలబడితే గ్రేసీ చోటు నాది. మగ్గాల మధ్య నుంచి బయటపడటానికి నాకు అంతకంటే వేరే దారి లేదు, ఇక ముందు వస్తుందన్న ఆశా లేదు.

అయితే దేవరాజులన్నది ఒక నియమం. కరోనా అప్పుడు పెట్టుకున్నది, అది పోయినా ఇది పోలేదు. ఒకరి ఎంగిలి మైకులో ఒకరు పాడకూడదు, ఎవరి మైకు వాళ్ళు తెచ్చుకోవాలి. గ్రేసీ మైకు ఆమె అన్న కువైట్ నుంచి తెచ్చింది. అలాంటిది కొనాలంటే మేము మగ్గాన్నే అమ్ముకోవాలి. మా ఇంట్లో ఉన్నది సంతలో వేరుశనక్కాయలు అమ్మేవాడు అరుచుకునే రకం.

"దాన్నే దీన్ని జేస్తా సూడు," అన్నాడు మా ఆయన.

"దేన్ని దేన్ని జేస్తావు మావా?"

"మన మైకుని గ్రేసీ మైకు జేస్తా. లోపల పెద్ద తేడా యేమీ ఉండదు మే. యూట్యూబులో ఒకాయన విప్పి సూపించినాడు. బయట పేరుకే అంత రేటు."

నవ్వొచ్చింది, ఆశ కూడా పుట్టింది. గ్రేసీని బతిమాలి ఆమె మైకు అడిగి తెచ్చాను. మరుసటి రోజు అమావాస్య. అమావాస్య నాడు మా వీధిలో ఎవరూ మగ్గం ఆడించరు. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి వదిలేస్తారు. ఊరంతా చప్పుడు లేకుండా ఉండే రోజు అదొక్కటే గనక మైకు పని ఆ రోజుకే పెట్టుకున్నాం.

మా ఆయన మగ్గాల సందులో చాప పరిచి కూర్చున్నాడు. మా మైకు తలకాయ జల్లెడ తిప్పి ఊడదీస్తే లోపల మందంగా స్పాంజి. అది పీకేసి, మా మగ్గం మీద దిగిన పల్చటి గుడ్డే చిన్న ముక్క కత్తిరించి పెట్టాడు. మైకు పొట్టలో వేలి కణుపంత ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. చౌక మైకుల్లో గొంతును మొద్దుబార్చేది అదేనట. దాన్ని తీసేసి వైర్లు నేరుగా అతికించాడు. తర్వాత బియ్యపుగింజంత కెపాసిటర్లు ఒక్కొక్కటే మార్చి మార్చి పెట్టడం మొదలుపెట్టాడు. అవి లావు శబ్దాన్ని ఆపి సన్న శబ్దాన్ని పోనిస్తాయట. పెట్టిన ప్రతిసారీ నేను ఒక లైను గ్రేసీ మైకులో, అదే లైను మా మైకులో పాడాలి.

"ఎట్లుండాది?"

"గ్రేసీదాంట్లో పలుకు తెల్లంగా ఉండాది. మనదాంట్లో గొంగళి కప్పుకోని మాట్లాడినట్టుండాది."

ఇంకొకటి మార్చాడు.

"ఇప్పుడు?"

"ఇంకొంచెం తేలాల మావా."

ఇంకొకటి మార్చాడు. మా అత్త గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, తేలాలనే అంది. ఏకాంబరం మామ కూడా వచ్చి స్పీకరు దగ్గర తల వంచి, ఇంకొంచెం పెట్టమన్నాడు. మధ్యాహ్నానికి రెండు మైకులూ ఒక్కలాగే పలికాయి. కళ్ళు మూసుకుని విన్నాను, తేడా తెలియలేదు. ఏకాంబరం మామ, "ఇదే ఒక పిసరు మేలుగా ఉండాదప్పా," అన్నాడు. మా ఆయన మొహం అంత వెలిగిపోగా నేను పెళ్ళిలో కూడా చూడలేదు. ఆ పూట ఆయన మీద నాకు నిజంగా ప్రేమ పుట్టింది.

తిరుపతికి నేనొక్కదాన్నే వెళ్ళాను. చీరల ఆర్డరు నెత్తిమీద ఉండటంతో ఆయన కదల్లేకపోయాడు. కళ్యాణమండపం నిండిపోయింది. పసుపు బట్టలు, విభూతి బొట్లు, మూలన పేర్చిన కావళ్ళు. గ్రేసీ ఆ పొట్టతోనే వచ్చి సగం పాటలు పాడి దిగింది. దేవరాజులన్న కీబోర్డు ముందు కూర్చుని నా వంక చూసి తలూపాడు. మా మైకు చేతిలోకి తీసుకుని నేను లేచాను.

మొదట నాకిచ్చింది సుబ్రహ్మణ్యేశ్వరుడి మీద పాట. షణ్ముఖుడనీ, శరవణభవుడనీ, స్కందుడనీ, శక్త్యాయుధమనీ, ఆ స్వామి పాటలో శ, ష, స అడుగడుక్కీ వస్తాయి. ఎత్తుకున్నాను. గొంతు బాగా లేచింది. ముందు వరసలో ఒక పెద్దామె కళ్ళు గట్టిగా మూసుకుని చెవి మీద చెయ్యి పెట్టుకుంది. లీనమైపోయిందనుకున్నాను. ఒక పసిబిడ్డ గుక్కపట్టి ఏడిస్తే తల్లి ఎత్తుకుని బయటకు పోయింది. పసిపిల్లలన్నాక ఏడవరా అనుకున్నాను. సౌండు పెట్టె దగ్గర కుర్రాడు మొహం చిట్లించి గుండీలు తెగ తిప్పుతున్నాడు. వాడికి పని రాదనుకున్నాను. ఇంత అహంకారం నాలో ఉందని నాకే తెలియదు. చరణంలో ఇంకా గొంతు పెంచి, ప్రతి అక్షరం ఒత్తి ఒత్తి పాడాను.

చప్పట్లు కొట్టారు, మొక్కుబడిగా. దేవరాజులన్న లేచి వచ్చి, నా చేతిలో మైకు తీసేసుకుని గ్రేసీ మైకు పెట్టాడు. ఆయన నియమం ఆయనే తప్పాడు. అప్పుడు మొదటిసారి నాకు అనుమానం తగిలింది.

రెండో పాట పాడాను. నాకు తేడా తెలియలేదు. అదే గొంతు, అదే పలుకు, అమావాస్య నాడు విన్నట్టే రెండూ ఒకటే. కానీ జనం మారారు. పెద్దామె చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది. బయటకు పోయిన తల్లి బిడ్డతో లోపలికొచ్చి కూర్చుంది. సౌండు కుర్రాడు వెనక్కి వాలాడు. ఆ హాల్లో వందలమందికి తెలిసిన సంగతి, పాడుతున్న నాకు ఒక్కదానికే తెలియడం లేదు. పాట ఎలా పూర్తి చేశానో గుర్తులేదు.

స్టేజీ వెనక దేవరాజులన్న మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి మెల్లగా అడిగాడు. "ఏం మైకమ్మా అది? 'స' వచ్చినప్పుడంతా సెవుల్లో సూదులు గుచ్చినట్టుండె. నీకు తెల్లేదా?"

"తెల్లేదన్నా."

ఆయన గ్రేసీ వంక చూశాడు. గ్రేసీ తన ఫోన్లో ఏదో నొక్కి నా చెవి దగ్గర పెట్టింది.

"అక్కా, ఈ విజిలు ఇనపడతాండాదా?"

"ఏ విజిలు? ఇంకా పెట్టలేదు గదా నువ్వు."

ఆమె ఫోను దించేసింది. పక్కన తబలా వాయించే అతను చెవి రుద్దుకుంటున్నాడు. గ్రేసీ మొహంలో జాలి చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. నెలలు నిండిన మనిషి మీద అరవకూడదని నోరు నొక్కుకున్నాను.

"గొంతు మంచిదేనమ్మా," అన్నాడు దేవరాజులన్న. "శృతి గూడా తప్పలా. కానీ స్టేజీ మింద యేది ఎక్కువైందో, యేది తక్కువైందో పాడేవాళ్ళకి తెలియాల గదా. ప్రతిసారీ నీ పక్కన ఒక మనిషిని పెట్టలేను. ఏమనుకోవద్దు." పొమ్మనడానికి ఇంతకంటే మర్యాదైన మాట ఉండదు. అందుకే అది అంత చేదుగా ఉంది.

బస్సు రేణిగుంట దాటి పుత్తూరు వచ్చేదాకా మా ఆయన్ని మనసులో తిడుతూనే ఉన్నాను. నీ చేతులు పడిపోను. నీ యూట్యూబు తగలబడిపోను. చెవిటి మాలోకం నువ్వు, నీ వీధంతా చెవిటి మాలోకం, నన్ను కూడా కలిపేసుకున్నారు కదరా. పుత్తూరు దాటాక ఆ తిట్లనే మొదట్నుంచి మళ్ళీ తిట్టాను. మగ్గాల మోత చెవుల్ని తినేస్తుందని తెలియకుండానే ఇన్నేళ్ళు కాపురం చేశానా నేను? అయినా ఈ చెవులు పాటకు మటుకు మంచివేనని ఏ ధైర్యంతో అనుకున్నానో నాకే అర్థం కాలేదు.

నేను గుమ్మంలోకి రాగానే ఆయన మగ్గాలన్నీ ఒక్కొక్కటే ఆపేశాడు. నవ్వుతూ దగ్గరికొచ్చాడు.

"ఏమన్నారు మే? మైకు గురించి యెవురన్నా అడిగినారా?"

"అడిగినారు. సెవుల్లో సూదులేసినట్టుండెనంట. నీ మైకు నా కొంప ముంచింది." జరిగిందంతా చెప్పాను. గ్రేసీ ఫోను సంగతి కూడా చెప్పాను. ఇక తిట్లు అందుకోబోయాను.

ఆయన మైకు చేతిలోకి తీసుకుని జల్లెడ మీద బొటనవేలుతో నిమిరాడు. తర్వాత నేలమీదే కూర్చుండిపోయాడు.

"నాకు సన్న శబ్దాలు ఇనపడక శానా యేండ్లాయ," అన్నాడు. "కుక్కరు విజిలు గూడా ఆవిరి జూసి తెలుసుకుంటా. అందుకేగదా ప్రతిసారీ నిన్ను అడిగింది. నువ్వు పాడేదానివి, నీ సెవి మంచిదనుకుంటి. నువ్వు బాగుండాది అనేదాకా పెంచుకుంటా పోయినా."

నేనేమో కరెంటు సంగతి తెలిసినవాడు ఆయన, ఆయన చెవికి సరిపోతే చాలు అనుకున్నాను. ఆయన నా మొహం చూసి పెంచాడు, నేను ఆయన మొహం చూసి బాగుందన్నాను. సరిగ్గా వినడం మాత్రం ఇద్దరిలో ఎవరి వల్లా కాలేదు. బస్సంతా కూడబెట్టుకొచ్చిన తిట్లలో ఒక్కటీ ఆయనకు అతకలేదు.

"ఎప్పుట్నించి మావా?" అని అడిగాను.

"పెండ్లికి ముందు నించే."

"అంటే నా పాట నువ్వు ఎప్పుడూ పూర్తిగా ఇన్లేదా?"

ఆయన మైకు వైరు చేతికి చుట్టుకున్నాడు.

"ఇన్నంత మటుకు శానా బాగుండాది," అన్నాడు.

నేను విన్నది కూడా అంత మటుకే.