పచ్చగా ఉన్నంతసేపే

పొద్దున నాటించిన నారును వదిన సాయంత్రం పీకేస్తుంది. అదే ఆమె ఉద్యోగం. పచ్చని పొలాలు చూడాలని పట్నం నుంచి బస్సులో వచ్చినవాళ్లు ప్యాంట్లు మడుచుకుని బురదలో దిగి, నాలుగు మొక్కలు వంకరటింకరగా గుచ్చి, ఫొటోలు దిగి గట్టెక్కుతారు. మర్నాటి బస్సుకు మడి మళ్లీ ఖాళీగా ఉండాలి కదా! అన్న పోయాక అతని వాటానూ తనదాంట్లో కలిపేసుకుని, పొలం మధ్య పట్నంవాళ్లకు బస కట్టిన మరిది తెలివి అది. అతన్ని చూసి బస్సు డ్రైవరు కూడా ఆమెను వదినా అనే పిలుస్తాడు.

పీకిన నారు పారేయడానికి ఆమెకు చేతులు రాలేదు. బోరు పక్క మూలమడిలో నాటుకుంటానని అడిగింది.

"నీ ఇష్టం వదినా. పండితే నీదే" అన్నాడు మరిది.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తన చేత్తో పండించిన గింజ తిని ఎన్నాళ్లయిందో! కంటికి రెప్పలా కాచుకుంది. పైరు ఏపుగా లేచి, పొట్టకొచ్చి, వెన్ను తీసింది. గింజ నొక్కితే పాలు.

అప్పుడొచ్చాడు మరిది, తల గోక్కుంటూ.

"ఆ మూల కోసెయ్ వదినా."

"ఇంకా పాల మీదుంది కదయ్యా! ఇప్పుడు కోస్తే గింజేం మిగుల్తుంది?"

"ఉంచితే పసుపెక్కుతుంది. ఫొటోల్లో ఎండిపోయినట్టుంటుంది. వాళ్లొచ్చేది పచ్చదనం కోసం, వడ్ల కోసం కాదు."

"పండితే నాదే అన్నావు."

"నిజంగా పండుతుందని నేనేమైనా కలగన్నానా?"

ఆమె ఆ పైరు మీద పరాయి కొడవలి పడనివ్వలేదు. తెల్లవారగానే తనే కోసింది, కోస్తున్నంతసేపూ ఏడ్చింది. మోపు తెచ్చి ఆవుల ముందు వేస్తే అవి ఆవురావురుమంటూ తిన్నాయి.

మధ్యాహ్నం బస్సువాళ్లు భోజనాలకు కూర్చున్నారు. కొట్టు నుంచి తెచ్చిన బస్తా విప్పి వండిన అన్నం. ఓ పెద్దమనిషి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఆహా! సొంత పంట రుచే వేరండీ."

"మా వదిన చేతి పంటండీ!" మరిది అందుకున్నాడు.

వడ్డిస్తున్న వదిన ఆగింది. "ఇవి కొట్లో బియ్యమండీ. నా పంట పొద్దున ఆవులు తినేశాయి."

ఒక్క క్షణం అందరూ ఆమె వంక చూశారు. తర్వాత గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది మరిదే.

"మా వదిన మాటలు ఇలాగే ఉంటాయండీ!"

పెద్దమనిషి నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకుంటూ కంచం ముందుకు జరిపాడు.

"ఇంకొంచెం వెయ్యమ్మా, మీ పంట."

వదిన వేసింది.