టాలివర్‌తో కట్టిన జత

సెనేట్‌లో ముప్ఫై ఏళ్లుండి తల పండించుకున్న హాల్వర్ బ్రెక్కే సొంత ఊరికి చేసిందేమిటయ్యా అంటే, ఒక పోస్టాఫీసు. అందుకే ఆఖరి పదవీకాలంలో పట్టుబట్టి, మిస్సోరీ నది నీళ్లను గొట్టాల్లో తన ఊరున్న పడమటి డకోటాకు తెచ్చే బిల్లు పెట్టాడు. అక్కడి బావుల నీళ్లు ఉప్పు కషాయం. పశువులే మూతి తిప్పుకుంటాయి. అతని చెల్లెలు సోల్వే ఈ వయసులోనూ ట్రక్కులో నీళ్లు తోలుకుంటోంది.

ఓటింగు రోజు పొద్దున, ఆ బిల్లుకు బద్ధశత్రువైన దక్షిణాది సెనేటర్ లమార్ టాలివర్ అతని గదికి వచ్చాడు.

"హాల్వర్, మా ఆవిడకి ఇవాళ గుండె ఆపరేషను. నేను పోవాలి. నాతో జత కడతావా?"

సెనేట్‌లో అదొక పాత మర్యాద. ఒకరు రాలేకపోతే, లెక్క తేడా రాకుండా ఎదుటి పక్షంలో ఒకరు సభలో ఉండి కూడా ఓటు వేయరు. రాతకోతలుండవు, నోటిమాటే.

బిల్లు ఎలాగూ గట్టెక్కుతుందన్న ధీమాతో ఉన్నాడు బ్రెక్కే. "వెళ్లవయ్యా, ఆమె దగ్గరుండు. నీ ఓటు తప్పితే దేశానికే మేలు" అన్నాడు. టాలివర్ నవ్వబోయి, నవ్వలేక వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి సొంతవాళ్లే కొందరు జారుకున్నారు. బ్రెక్కే కార్యదర్శి మొరీన్ పరుగున వచ్చింది.

"సార్, మీరు వేస్తే ఒక్క ఓటుతో గెలుస్తాం. వేయకపోతే సరిసమానం. సమానమైతే బిల్లు పోయినట్టే!"

"మాటిచ్చాను కదమ్మా."

"ఇన్నేళ్లూ మిమ్మల్ని తిట్టిపోసినాయనకా? మీ ఊరికంటే ఆయనెక్కువా?"

"నేను మాటివ్వకపోతే ఇక్కడే కూర్చుని ఓటేసేవాడు. నన్ను నమ్మే వెళ్లాడు."

పేరు పిలిచారు. బ్రెక్కే లేచాడు. "టాలివర్ గారితో నాకు జత ఉంది. ఆయనుంటే కాదనేవారు. నేను వేస్తే అవుననేవాణ్ణి. నా ఓటు వేయడం లేదు" అని కూర్చున్నాడు. కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు. బిల్లు పోయింది. చేతికందిన ముద్ద నోటికందలేదు.

ఆ శనివారం ఊరికి వెళ్తే కాఫీ హోటలు దగ్గరే తగులుకున్నాడు రైతు లాయిడ్. "ఏం సెనేటరు గారూ, మాట నిలబెట్టుకున్నారంట! మా ఆవులకి ఆ మాటే తాగించమంటారా?" హోటలంతా నవ్వింది. బ్రెక్కే తలవంచుకుని కదిలాడు.

వంటింట్లో సోల్వే బావి నీళ్లు గ్లాసుడు తెచ్చి ముందు పెట్టింది.

"తాగు."

గుక్క తిప్పుకోకుండా తాగాడు. నాలుక చుర్రుమంది.

"అన్నయ్యా, నీ మీద చచ్చేంత కోపంగా ఉంది."

"ఉండదా మరి."

గ్లాసు తీసేస్తూ, "ఆ టాలివర్ భార్య ఎలా ఉంది?" అంది.

"గండం గడిచింది. త్వరలో ఇంటికొస్తుందట."

"పోనీలే." మేకుకున్న ట్రక్కు తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది. "పద. ఇవాళ నువ్వే తోలుకు రావాలి."

పట్నం నీళ్ల టాంకు దగ్గరికి చేరేసరికి ఎండ మండిపోతోంది. ఆగి ఉన్న ట్రక్కులన్నీ అతనికి ఓటేసిన ఊళ్లవే. లాయిడ్ ట్రక్కూ ఉంది. బ్రెక్కే కోటు విప్పి సీటు మీద పడేసి, గొట్టం భుజానేసుకుని, వరుసలో చివర నిలబడ్డాడు.